క్రీ.శ. తీసేయన్నా: రోజువారీ బతుకులో క్రైస్తవం జాడలు పట్టుకోవడం ఎలా

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మాది డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, క్యాలెండర్లు. ఉగాదికి నెలన్నర ముందు ఒక గుడి కమిటీ పెద్దాయన వచ్చాడు. పరాభవ నామ సంవత్సరానికి క్యాలెండరు వేయాలన్నాడు.

"న్నా, ఇది అచ్చంగా మన క్యాలెండరు కావాల. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా. క్రిస్టియన్‌ది ఒక్కటి కూడా కనపడగూడదు. ఆ క్రీ.శ. గీ.శ. అన్నీ తీసేయన్నా."

"తీసేయడానికేముంది సామీ, డిలీట్ కొడితే పోతుంది" అన్నాను.

కొట్టడం మొదలుపెట్టాక తెలిసింది అది అంత సులువు కాదని. ముందు అట్ట మీద 2026 తీసేసి శాలివాహన శకం 1948 అని వేశాను. పంచాంగం లెక్క ప్రకారం అది నూటికి నూరు పాళ్ళు సరైనదే. ప్రూఫు చూసి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "1948 ఏందన్నా? పాత క్యాలెండరు అంటగట్టినారని జనం తిట్టరా?" సరే, 2026 మళ్ళీ వచ్చింది, ముందర క్రీ.శ. లేకుండా. తర్వాత ఆదివారాల ఎరుపు తీసి అన్ని వారాల్లాగే నలుపు చేశాను. దానికీ గొడవే. "పిల్లోల్లకు సెలవు యాడ తెలుస్తుంది?" అన్నాడు. అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 13 పేజీలవుతాయి, రేటు పెరుగుతుంది అన్నందుకు మూడో గొడవ. దానికీ క్రైస్తవానికీ సంబంధం లేదు, ఊరికే చెప్తున్నా.

ఆ రాత్రి షాపు మూశాక పాత బిల్లుబుక్కు వెనక పేజీల్లో ఒక లెక్క రాయడం మొదలుపెట్టాను: మతంతో పని లేకుండా మనం రోజూ వాడే వాటిలో ఆ మతం నుంచి వచ్చినవి ఎన్ని? ఇప్పటికి మూడో పుస్తకం నడుస్తోంది. మీకూ ఇలాంటి పిచ్చి ఉంటే, లేదా ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలకు ప్రాజెక్టు కావాలంటే, నేను చేసిన పద్ధతి, చేసిన తప్పులతో సహా చెప్తాను.

ముందు దేన్ని జాడ అనాలో తేల్చుకోండి

మరియాపురంలో ఉన్న పెద్ద చర్చి జాడ కాదు. డిసెంబరులో వేలాడే స్టార్లు కావు. బేకరీలో ప్లమ్ కేకు కూడా కాదు. అవి ఎదురుగా కనపడే మతం, దాని పండగ. అవి రాసుకుంటూ పోతే పుస్తకం నిండుతుంది కానీ తెలిసేదేమీ ఉండదు.

చర్చి గడప తొక్కనివాడు కూడా ఏమాత్రం ఆలోచించకుండా వాడేది జాడ. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. విషయం చెప్పినప్పుడు ఎదుటి మనిషి "అవునా!" అనాలి. "అది తెలిసిందే గదా" అంటే కొట్టేయండి.

పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. మాట లేదా వస్తువు ఒక గడి. అది మీకు ఎక్కడ తగిలిందో రెండోది. ఎక్కడి నుంచి వచ్చిందో మూడోది. నాలుగో గడి ముఖ్యం: దాన్ని తీసేస్తే మనకు ఏమవుతుంది? ఈ నాలుగో గడి నాకు నేర్పింది ఆ క్యాలెండరు పెద్దాయనే.

ఉదాహరణకు నా మొదటి పేజీలో ఒక వరుస. మాట: సిస్టర్. తగిలింది: మా అమ్మకు సెలైన్ పెట్టిన రోజు, వార్డులో. పక్క మంచం ముసలాయన, నొసట నామం, ప్రతి పది నిమిషాలకూ "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తున్నాడు. వచ్చిన చోటు: యూరప్‌లో వందల ఏళ్ళు రోగుల్ని చూసుకున్నది మఠాల్లోని సన్యాసినులు. వాళ్ళను సిస్టర్ అనే పిలిచేవాళ్ళు. నర్సు పనికి మఠంతో సంబంధం తెగిపోయినా పిలుపు మిగిలింది. ఈ కాలపు నర్సింగుకు తల్లి లాంటి ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా 1851లో జర్మనీలో కైజర్స్‌వెర్త్ అనే చోట, రోగుల సేవ చేసే క్రైస్తవ స్త్రీల దగ్గరే పని నేర్చుకుంది. ఇక తీసేస్తే? మా అమ్మ తరానికి "నర్సమ్మ" ఉంది. నా తరానికి ఏమీ లేదు. పైగా మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. మగ నర్సును "బ్రదర్" అంటారు. మఠంలో మగ సన్యాసిని పిలిచే పిలుపు అదే అని తెలిసి అనలేదు. సిస్టర్‌కు జోడీగా దానంతట అదే పుట్టింది.

క్యాలెండరుతో మొదలుపెట్టండి, కానీ విడదీసి చూడండి

గోడ మీద ఉన్నదాన్ని ముట్టుకొని చూడొచ్చు కాబట్టి క్యాలెండరు మంచి మొదలు. ఇక్కడ అందరూ చేసే తప్పు, మొత్తాన్ని కలిపి "ఇంగ్లీషు వాళ్ళది" అనేయడం. ముక్కలు చేసి చూడాలి.

నెలల పేర్లు క్రైస్తవం కాదు. జూలై జూలియస్ సీజరు, ఆగస్టు ఆగస్టస్. రోమన్ల పాత దేవుళ్ళు, పాలకులు, అంకెలు. వాటిని తీసేయమన్నా తీసేయనక్కర్లేదు, గుడి కమిటీకి చెప్పేశాను. వారాల పేర్లూ క్రైస్తవం కావు. గ్రహాల పేర్లు. ఆదివారం అంటే ఆదిత్యుడి వారం, లాటిన్‌లోనూ సూర్యుడి రోజే.

మరి ఆ రోజు సెలవు? అది వేరే కథ. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321వ సంవత్సరం మార్చి 7న ఆదివారం నాడు కోర్టులు, పట్నాల్లో పనులు ఆపమని శాసనం చేశాడు. ఏసు తిరిగి లేచింది ఆ రోజే అని క్రైస్తవులు అప్పటికే దాన్ని ప్రార్థనకు పెట్టుకున్నారు. మన దేశంలో మిల్లు కూలీలకు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. బొంబాయిలో కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి కొట్లాడితే 1890లో దక్కింది. ఆయన అడిగిన కారణాల్లో ఆదివారం మరాఠీల దేవుడు ఖండోబా రోజు అని కూడా ఉంది. చూశారా, ఒకే సెలవుకు అటు చర్చి, ఇటు ఖండోబా, మధ్యలో కూలీల వీపు నొప్పి.

మా ఇంట్లో ఆదివారం పొద్దున పొట్టేలు కూర. శనివారం వెంకటరమణ స్వామికి ఒక్కపొద్దు, సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు అని మా ఆడోళ్ళు అన్ని వారాలూ కొట్టేశాక ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండేది ఆ ఒక్కరోజే. మటన్ అంగడి ముందు క్యూలో నిలబడి ఈ 321 సంగతి చెప్తే ముందున్నాయన వెనక్కి తిరిగి చూసి, "రాజెవడో కానీ పుణ్యాత్ముడన్నా" అన్నాడు. నాలుగో గడిలో అదే రాసుకున్నా.

సంవత్సరం అంకె పూర్తిగా అటు నుంచి వచ్చిందే. 525 ప్రాంతంలో డయొనీషియస్ అనే సన్యాసి ఏసు పుట్టిన ఏడాది నుంచి లెక్క పెట్టే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు క్రీ.శ. బదులు సా.శ., అంటే సామాన్య శకం అని రాస్తున్నారు. మంచిదే. సీసా మీద కాగితం మారింది, లోపల సరుకు అదే.

ఇక తేదీ. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన వరుస, కాస్త ఆగి చెప్తాను. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం మిగతా చోట్లలా పగలు జరగదు. చైత్ర పౌర్ణమి దగ్గర, రాత్రి పూట, వెన్నెల్లో జరుగుతుంది. ఈస్టరు లెక్క ఏమిటంటే, మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి తర్వాతి ఆదివారం. అంటే కొన్ని ఏళ్ళు ఒంటిమిట్టలో తలంబ్రాలు పోసిన వెన్నెల, ఈస్టరును నిర్ణయించే వెన్నెల ఒకటే. 2026లో పౌర్ణమి ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే 3, ఈస్టరు 5. గుడ్ ఫ్రైడే బ్యాంకు సెలవు తేదీ ఏటా ఎందుకు మారుతుందో మీకిప్పుడు తెలిసింది. మన పండగల తేదీలు మారినట్టే, చంద్రుడి వల్ల.

ఆ ఈస్టరు లెక్క తప్పుతోందనే పోప్ 13వ గ్రెగరీ 1582లో క్యాలెండరు సరిచేశాడు. పాత క్యాలెండరులో ఏడాది పొడవు నిజం కంటే పది పదకొండు నిమిషాలు ఎక్కువ. అవి పోగై పోగై పది రోజులైనాయి. కాబట్టి అక్టోబరు 4 తర్వాత నేరుగా 15 వచ్చింది. ఇంగ్లండు పోప్ మాట వినడానికి ఇష్టపడక 1752 దాకా ఆగింది. అప్పుడు సెప్టెంబరు 2 తర్వాత 14. ఆ ఇంగ్లండు వాళ్ళ లెక్కే కంపెనీ వెంట మన కచేరీలకు వచ్చింది. నేను మీకిచ్చే బిల్లు మీద తేదీ, మీ ఈఎంఐ తేదీ, కరెంటు బిల్లు ఆఖరి తేదీ, ఇవన్నీ ఈస్టరును సరైన పౌర్ణమికి కట్టేయడానికి చేసిన దిద్దుబాటు. మన ప్రభుత్వం 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరంతో జాతీయ క్యాలెండరు పెట్టింది కూడా. రేడియోలో, గెజిట్‌లో ఉంటుంది. ఆ తేదీ వేసి పెళ్ళి కార్డు కొట్టమని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మాటల్ని బోర్డుల మీద వెతకండి, నిఘంటువులో కాదు

ఒక సాయంత్రం రైల్వే స్టేషను నుంచి అప్సర సర్కిల్ వైపు నడిచి వెళ్ళండి. ఫోన్‌లో బోర్డులు ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చి పెద్దగా చేసి చదవండి.

కాన్వెంట్ అనే మాట తప్పకుండా దొరుకుతుంది. అసలు అర్థం సన్యాసినులుండే మఠం. వాళ్ళు నడిపిన ఇంగ్లీషు బడులకు ఆ పేరు పడింది. అక్కడి నుంచి మనకు ఏ ప్రైవేటు ఇంగ్లీషు బడి అయినా కాన్వెంటే. వేంకటేశ్వరుడి పేరు పెట్టి, గేటు పైన సరస్వతి బొమ్మ వేయించి, పక్కనే కాన్వెంట్ అని రాయించుకున్న బోర్డులు నేనే ఎన్నో కొట్టాను. పల్లెల్లో ఇప్పటికీ "మనవడు కాన్వెంటుకు పోతాండాడు" అంటే టై కట్టుకొని బస్సెక్కుతున్నాడని అర్థం. సన్యాసులతో పని లేదు.

సర్కారు బడికి వెళ్ళినా తప్పదు. పొద్దున లైన్లో నిలబెట్టేదాన్ని మనం ప్రేయర్ అంటాం. "ప్రేయర్‌కు లేటయితే గ్రౌండు చుట్టూ పరుగే." ఆ ప్రేయర్‌లో ఉండేది వందేమాతరం, ప్రతిజ్ఞ, ఆనాటి వార్తలు. ప్రార్థన పోయినా ప్రేయర్ ఉంది.

ఇప్పుడు టాలెంట్. ఇది నా కంప్యూటరు మీదే దొరికింది. నవంబరులో ఒకరోజు రెండు ఫైళ్ళు పక్కపక్కన తెరిచి ఉన్నాయి. ఒకటి ఒక విద్యాసంస్థ వాళ్ళ మెగా టాలెంట్ టెస్ట్ కరపత్రం. రెండోది ఒక చర్చి యువజనుల కూటానికి, అందులో "తలాంతుల ప్రదర్శన" అని ఉంది. తలాంతులు అచ్చుతప్పేమో అనుకొని పాస్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన నవ్వి కథ చెప్పాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయం. యజమాని ఊరికి పోతూ ముగ్గురు పనివాళ్ళకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు ఇచ్చాడు. తలాంతు అంటే వెండి తూకం, పెద్ద మొత్తం సొమ్ము. ఇద్దరు వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడోవాడు భయపడి గుంత తవ్వి పూడ్చిపెట్టాడు, తిట్లు తిన్నాడు. ఈ కథను చర్చిల్లో చెప్పీ చెప్పీ, దేవుడిచ్చిన నేర్పును దాచుకోకుండా వాడుకోవాలని వివరించీ వివరించీ, చివరికి ఇంగ్లీషులో ఆ తూకం పేరే నేర్పుకు పేరైంది. తెలుగు బైబిల్లో అది తలాంతుగా ఉండిపోయింది, బజారులో టాలెంట్‌గా వచ్చింది. ఒకే మాట రెండు దారుల్లో వచ్చి నా స్క్రీను మీద కలుసుకుంది. టాలెంట్ టెస్టులో ఫస్టు వచ్చినవాడికి ఫీజులో రాయితీ అట. వెండి సంగతి వాళ్ళు పూర్తిగా మర్చిపోలేదన్నమాట.

నా తెలివితక్కువ ఒకటి చెప్పాలి. ఒక ఆస్పత్రి వాళ్ళు బోర్డు ఆర్డరిచ్చారు: గుడ్ సమారిటన్ హక్కులు. నేను సమారిటన్ అంటే మలయాళీ డాక్టరు పేరనుకొని ముందు "డా." పెట్టి ప్రూఫు పంపాను. వాళ్ళ మేనేజరు నవ్వలేక చచ్చాడు. రోడ్డు ప్రమాదంలో పడ్డవాడిని ఆస్పత్రికి తెచ్చిన మనిషిని పోలీసులు, కోర్టులు వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. ఆ మనిషికి చట్టం పెట్టుకున్న పేరు గుడ్ సమారిటన్. అది లూకా సువార్త 10వ అధ్యాయంలోని కథ. దొంగలు కొట్టి దారిలో పడేసిన వాడిని పూజారి చూసి పక్క నుంచి పోయాడు, గుడి సేవకుడూ పోయాడు. యూదులకు పడని సమరయ జాతివాడు ఆగి, గాయాలు కట్టి, సత్రంలో చేర్చి, ఖర్చులు కూడా ఇచ్చి పోయాడు. సెక్యులర్ దేశపు పార్లమెంటు చేసిన చట్టంలో, మన సర్కారు ఆస్పత్రి గోడ మీద ఇంత తేటగా ఉన్న జాడ ఇంకోటి నాకు దొరకలేదు.

మిగతావి గబగబా. రాజకీయ నాయకుడికి "గాడ్‌ఫాదర్" ఉన్నాడని పేపర్లో రాస్తే, అది బిడ్డకు బాప్తిస్మమిచ్చేటప్పుడు పక్కన నిలబడే జ్ఞాన తండ్రి. గుడ్ బై అంటే మొదట్లో దేవుడు నీతో ఉండుగాక అని. "మిషన్" అని ప్రభుత్వాలు పెట్టే పథకాల పేర్లు, మతప్రచారానికి మనుషుల్ని పంపడం నుంచి వచ్చాయి. మనకు కుట్టు మిషను కూడా మిషనే కాబట్టి ఇది ఎవరికీ తగలదు. నేను పుట్టింది జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రిలో. లండన్ మిషన్ వాళ్ళు కట్టింది. చిన్నప్పుడు "మిషన్ ఆస్పత్రి" అంటే అక్కడ మిషన్లు ఎక్కువ ఉంటాయనుకునేవాణ్ణి.

నా షాపులో ఎక్కువ అమ్ముడయ్యే జాడ మాత్రం సంతాపం ఫ్లెక్సీ. పైన ఇంగ్లీషులో ఆర్.ఐ.పి., కింద "ఆయన ఆత్మకు శాంతి చేకూరాలి". ఆర్.ఐ.పి. క్రైస్తవ సమాధుల మీద లాటిన్‌లో రాసుకున్న ప్రార్థనకు పొట్టి రూపం, శాంతిగా విశ్రమించుగాక అని. మన పాత కార్డుల్లో "శివైక్యం చెందిరి", "వైకుంఠప్రాప్తి", "సద్గతి" ఉండేవి. పదిహేనో రోజు కర్మకు పిండం పెట్టి పంపించే ఆత్మ విశ్రమించడమేమిటని ఒక పురోహితుడు నన్నడిగాడు. నాకేం తెలుసు స్వామీ, టెంప్లేట్‌లో ఉంది అన్నాను.

సామెతల దగ్గర జాగ్రత్త

ఇక్కడ నేను బోర్లాపడ్డాను. "ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించు." గాంధీ చెప్పాడని అందరూ అంటారు, నేనూ అనేవాణ్ణి. అది ఏసు కొండ మీద చేసిన ప్రసంగంలోది, మత్తయి 5. గాంధీకి ఆ ప్రసంగమంటే ప్రాణం, ఆత్మకథలో రాసుకున్నాడు. సరే, పక్కా జాడ.

ఆ ఊపులో "కుడి చేత్తో ఇచ్చేది ఎడమ చేతికి తెలియకూడదు" కూడా రాసేశాను. అదీ మత్తయిలోనే, 6వ అధ్యాయం. మా పక్క షాపులో బైండింగు చేసే భాయ్‌కి గొప్పగా చూపించాను. ఆయన జిగురు చేతులు తుడుచుకొని, "ఇది మా హదీసులో, ప్రవక్త మాటల్లో ఉంది గదన్నా. నీడ లేని రోజున అల్లా నీడలో ఉండే ఏడుగురిలో ఇట్లా దానం చేసేవాడు ఒకడు. చిన్నప్పుడు పెద్ద దర్గా కాడ మా తాత చెప్పినాడు" అన్నాడు. కడపలో ఆ మాట పెద్ద దర్గా దారిన వచ్చిందా, చర్చి దారిన వచ్చిందా? గళ్ళలో రెండూ రాశాను. మీరూ రెండూ రాయండి.

తర్వాత ఇంకా ఘోరం. "గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టు" మత్తయి 15లో కనపడితే ఎగిరి గంతేశాను. కఠోపనిషత్తులో అదే ఉంది: అంధేనైవ నీయమానా యథాంధాః. ఏసుకంటే పాతది. గీత గీసి కొట్టేశాను. "కత్తి పట్టినోడు కత్తితోనే పోతాడు" అని ఫ్యాక్షన్ కథలు చెప్పుకుంటూ టీ అంగళ్ళ దగ్గర మన సీమలో అంటారు. మత్తయి 26లో ఉంది. కానీ ఆ నిజం తెలియడానికి మన పల్లెలకు ఎవరో పుస్తకం తెచ్చివ్వనక్కర్లేదు. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.

అందుకని సామెతల విషయంలో రెండు పరీక్షలు పెట్టండి. మన దగ్గర ఇంతకంటే పాత రూపం ఉందా? లేకపోతే, అనుభవం నుంచి ఎవరికైనా తట్టే మాటా? రెండూ దాటితేనే జాడ. చెంప సంగతి రెండూ దాటింది. కొడితే రెండో చెంప చూపించాలని అనుభవం నుంచి ఎవరికి తడుతుంది? సీమలో అసలే తట్టదు.

పోర్చుగీసు మాటలూ ఇట్లాగే మోసం చేస్తాయి. మేస్త్రీ, అలమర, బొత్తాము, పీపా. పాదిరి కూడా ఆ ఓడల్లోనే దిగాడు కానీ పాదిరి ఒక్కడే మతం సరుకు. బొత్తాము బొత్తామే. ఇక సిలువ అనే మాట పోర్చుగీసూ కాదు, ఇంగ్లీషూ కాదు. కేరళ క్రైస్తవులు ప్రార్థనకు వాడిన సిరియాక్ భాషలోని స్లీబా. పేపర్లలో "అధికారిని సిలువ వేశారు" అని రాసేవాళ్ళు ఏసు మాట్లాడిన అరమాయిక్‌కు దగ్గరి చుట్టం మాట వాడుతున్నారు.

కూడిక గుర్తుకూ సిలువకూ సంబంధం లేదు. అది లాటిన్‌లో "మరియు" అనే మాటను గబగబా రాయగా మిగిలింది. ఎర్ర క్రాస్ మాత్రం రెడ్ క్రాస్ వాళ్ళది, 1864 నాటిది. స్విట్జర్లాండు జెండా రంగులు తిరగేసింది. డాక్టర్లు బండి మీద స్టిక్కరు కొట్టమని వస్తారు. 1960 చట్టం ప్రకారం దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. నేను కొట్టను, పక్కన ఇంకో షాపు ఉంది.

చెవితో కూడా వెతకండి

రాముల గుడి భజనలో హార్మోనియం పెట్టె. పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ 1840ల్లో పేటెంటు తీసుకున్నాడు. పైపుల ఆర్గాన్ కొనలేని చిన్న చర్చిలకు అది వరం. మిషనరీలు కీర్తనలు పాడించడానికి మన దేశానికి మోసుకొచ్చారు. మనవాళ్ళు కాళ్ళు తీసేసి నేల మీద కూర్చోబెట్టారు. మన జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచక వధతో మొదలైన నాటక సమాజాల నుంచి పల్లె పద్యనాటకాల దాకా, ఆ పెట్టె లేకపోతే రాగం తీసేవాడికి ఊపిరి ఆడదు. శాస్త్రీయ సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి ముప్పై ఏళ్ళు బయట పెట్టింది. భజన గుళ్ళు ఆ మాట పట్టించుకోలేదు. మా మామ చెక్కభజన గురువు. ఈ సంగతి చెప్తే, "యాడిదయితే ఏమప్పా, శ్రుతి కుదిరిందా లేదా" అన్నాడు.

అడిగేటప్పుడు

ఎంత వెతికినా మనుషుల్ని అడగక తప్పదు. కేథలిక్ అయితే "ఫాదర్" అనండి. సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాల్లో పెద్దవాళ్ళు "అయ్యగారు" అంటారు. మిగతా చోట్ల "పాస్టరు గారు". మరీ ఆదివారం పొద్దున పోకండి, వాళ్ళకు పని రోజు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్‌ను ఇప్పటికీ "ఫాదర్" అనే అంటారు. 1969లో ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టి, జెసూట్ అనే కేథలిక్ సన్యాసుల సంఘం వదిలేసి, పెళ్ళి చేసుకొని, 2009లో పోయేదాకా ఏ చర్చికీ ఫాదర్ కాదు. పిలుపు మాత్రం జనం వదల్లేదు. అదీ రాసుకోండి, మూడో గడి నింపడం సులువు.

పుస్తకాలు కావాలంటే ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి పోండి. మాట పాతదా కొత్తదా అని చూడటానికి బ్రౌన్ నిఘంటువు తెరుస్తాను. వేమన పద్యాలు ఏరి అచ్చేసిన ఆ మనిషి కలకత్తా పాదిరి కొడుకు. నిఘంటువు 1852లో అచ్చయింది మద్రాసులో క్రైస్తవ జ్ఞాన సంఘం వారి ప్రెస్సులో. అంటే జాడలు వెతికే పనిముట్టు కూడా ఒక జాడే. మొదటిసారి ఆ అట్ట లోపలి పేజీ చూసినప్పుడు "అవునా!" అన్నది నేనే.

వాదన పెట్టుకోవడానికి మాత్రం వెళ్ళకండి. ఇవన్నీ తీసేయాలని గుడి కమిటీ వాళ్ళు అడిగారు, ఇవన్నీ మావే ఒప్పుకోండని ఇంకొకాయన షాపులో కూర్చొని గంట సేపు చెప్పాడు. ఇద్దరికీ టీ తెప్పించాను. ఇద్దరి మాటా పుస్తకంలో పట్టే గడి లేదు.

క్యాలెండరు సంగతి అడుగుతారేమో. 13 పేజీలతో, 2026-27 అంకెతో, క్రీ.శ. లేకుండా, ఆదివారాలు ఎర్రగా అచ్చయింది. రెండు వేల కాపీలు. కట్టలు కట్టి పెట్టి ఫోన్ చేశాను. "రేపొచ్చి ఎత్తుకపోతాన్నా" అన్నాడు. మరుసటి రోజు పది గంటలకు, నేను ఇంట్లో పొట్టేలు కూరకు మసాలా నూరిస్తుంటే, ఆయన ఫోన్.

"ఏందన్నా షట్టరేసినావు? ఆటో తీసుకొని వచ్చినా."

"సామీ, ఆ కట్టలో ఒకటి ఉంటే బాగుండు. తీసి చూసేవాడివి."

"ఏముంది దాంట్లో?"

"ఈరోజు ఎర్రగా ఉంది."